తాత పెన్సిల్ గీతలు

పోయిన వేసవి సెలవుల్లో మదురై నుంచి మా మామ వస్తూ వస్తూ ఒకాయనను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన పాత మోటారు సామాన్లు కొని దాచుకొనే మనిషి. పాత కార్ల హెడ్‌లైట్లు, పెట్రోలు కంపెనీల రేకు బోర్డులు, రేసుల టికెట్లు, బ్యాడ్జీలు, ఇలాంటివి ఆయన ఇంట్లో రెండు గదుల నిండా ఉన్నాయట. మా తాత దగ్గర చోళవరం కారు రేసుల ప్రోగ్రాం పుస్తకం ఒకటి ఉందని మామ నోరు జారినట్టున్నాడు.

తాత ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టి పెట్టిన పుస్తకం తీసి ఇచ్చాడు. ఆయన వేలికి తడి చేసుకోకుండా, అంచులు మాత్రమే పట్టుకొని పేజీలు తిప్పాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. తర్వాత రెండే ప్రశ్నలు అడిగాడు.

"దీంట్లో కరివర్ధన్ సంతకం ఉండాదా?"

"లేదు" అన్నాడు తాత.

"ఈ పెన్సిల్ రాతలు ఎవరివి?"

"నావే."

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "సంతకం ఉంటే ఒక రేటు. ఏ గీతా లేకుండా శుభ్రంగా ఉంటే ఇంకో రేటు. ఇట్ల గీసి ఉంటే సగం కూడా రాదు. నడుమ ఒక పేజీ కూడా లేదు. మెత్తటి రబ్బరుతో మెల్లగా తుడిస్తే పోతాయి, నేనే తుడుచుకొంటాను" అన్నాడు. తాత దానికి జవాబు చెప్పలేదు. అవ్వను పిలిచి, "అందరికీ కాఫీ పెట్టు" అన్నాడు. మా ఇంట్లో తాతకు ఇష్టం లేని మాట వచ్చినప్పుడల్లా అందరికీ కాఫీ దొరుకుతుంది.

బడి పత్రికకు చరిత్ర వ్యాసం రాయమని టీచర్ చెప్పినప్పుడు నేను తిరుమల నాయకుని మహలు గురించి రాద్దామనుకొన్నాను. కానీ ప్రతి ఏడూ మాలో ముగ్గురైనా దాని గురించే రాస్తాము. స్తంభాలు ఎన్నో పత్రిక చదివే వాళ్లందరికీ ఇప్పటికి కంఠతా వచ్చి ఉంటుంది. అందుకని ఈసారి నేను మా తాత పుస్తకం గురించి, అందులో పేరున్న కరివర్ధన్ గురించి రాస్తున్నాను. పరుగులో, ఆటలో పేరు తెచ్చుకొన్న మనిషి హఠాత్తుగా చనిపోతే, ఆయనను చూసి చప్పట్లు కొట్టినవాళ్లు ఏమవుతారు, వాళ్లు దాచుకొన్న వస్తువులు ఏమవుతాయి అన్నది నా ప్రశ్న.

సుందరం కరివర్ధన్ 1954లో పుట్టాడు. మన కోయంబత్తూరు లక్ష్మీ మిల్లుల కుటుంబం వాడు. ఆ మిల్లును 1910లో జి. కుప్పుస్వామి నాయుడు మొదలుపెట్టాడు. ఇప్పటికీ అవినాశి రోడ్డులో ఆ స్టాపింగును మనం లక్ష్మీ మిల్స్ అనే పిలుస్తాము. కరివర్ధన్‌ను రేసు జనం అంతా 'కరి' అనేవాళ్లు. కరి అంటే ఏనుగు అని తెలుగు టీచర్ చెప్పినప్పుడు, ఏనుగు పేరు పెట్టుకొన్న మనిషి అంత వేగంగా పోయేవాడా అని నేను నవ్వాను. తాత నవ్వలేదు.

మన ఊళ్లో రేసు కారు పుట్టడం వింతేమీ కాదు. మన పెద్దవాళ్లు విజయనగరం కాలం నుంచి ఈ దేశానికి వచ్చి, నల్లరేగడి నేలల్లో పత్తి వేసుకొని స్థిరపడినవాళ్లు. పత్తి నుంచి జిన్నింగుకు, జిన్నింగు నుంచి నూలు మిల్లుకు వచ్చారు. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు అందేసరికి మిల్లులు వరుసగా లేచాయి. మిల్లుకు యంత్రం కావాలి, యంత్రం పాడైతే విడిభాగం కావాలి, విడిభాగానికి లేత్ కావాలి, పోత పోసే ఫౌండ్రీ కావాలి. జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని నడుమ ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సుల కంపెనీ నడిపాడు. తర్వాత ఆయనా, డి. బాలసుందరం నాయుడూ కలిసి 1937లో మన దేశంలోనే మొదటి కరెంటు మోటారు తయారుచేశారు. ఇలాంటి ఊళ్లో పదో తరగతి తప్పినవాడికి కూడా బేరింగు శబ్దం వింటే దానికి ఏ జబ్బో తెలుస్తుంది. మా తాత అలాంటివాడే. ఒక నూలు మిల్లులో ఫిట్టరు. కరివాళ్ల మిల్లు కాదు, వేరేది.

తాత, ఆయన మిల్లు స్నేహితులు నలుగురు, ఏడాదికి ఒకసారి మద్రాసుకు రేసులు చూడటానికి పోయేవాళ్లు. రాత్రి రైలెక్కి పొద్దున సెంట్రల్‌లో దిగి, బస్సు పట్టుకొని ఎర్రకొండలు దాటి చోళవరం చేరేవాళ్లు. అదే రోడ్డు వదలకుండా పోతే నెల్లూరు వస్తుంది. చోళవరం రేసు ట్రాకు కోసం కట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. దాని మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు నడిపేవాళ్లు. తలదాచుకొనే నీడ లేదు. పొద్దుటి నుంచి ఎండలో నిలబడి చూసేవాళ్లు.

"ఎవరిని చూడను పోయేవాళ్లు తాతా?" అని అడిగితే, "అందరినీ చూస్తాము. కానీ మనూరివాని కోసం గొంతు చించుకొంటాము" అన్నాడు.

ప్రోగ్రాం పుస్తకంలో ఏ రేసు ఎన్నింటికి, అందులో ఎవరెవరు, కారు నంబరు ఎంత అని అచ్చువేసి ఉంటుంది. తాత తన హెచ్‌ఎంటీ గడియారం చూసుకొంటూ ప్రతి పేరు పక్కన పెన్సిల్‌తో గుర్తులు పెట్టాడు. ఒక్కో చుట్టు తిరిగి వచ్చినప్పుడు ఒక నిలువు గీత. కారు ఆగిపోతే ఇంటూ మార్కు. కొన్నిచోట్ల గీతల మీద చిన్న సున్న. దాని అర్థం నాకు తర్వాత తెలిసింది. ఇంజను శబ్దం తేడాగా వినిపించినప్పుడు పెట్టిన సున్న అది. రేసు చూడటానికి పోయి కూడా ఫిట్టరు పని మానలేదన్నమాట.

కరి ఒట్టి డ్రైవరే అయితే బహుశా ఆయన సంగతి ఆ తరంతోనే పోయేది. ఆయన కార్లు తయారుచేశాడు. అప్పట్లో రేసు కారు అంటే బయటిదేశం నుంచి తెప్పించుకోవాలి. డబ్బున్నవాడికే ఆ ఆట. కరి మన రోడ్ల మీద తిరిగే మారుతి 800 ఇంజను, అదే 796 సీసీ ఇంజను, తీసుకొని దాని చుట్టూ ఒంటి సీటు రేసు కారు కట్టాడు. ఫార్ములా మారుతి అని దానికి పేరు. 1980లు ముగిసేనాటికి ఆ కార్లు రేసుల్లోకి వచ్చాయి. 1990లో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు తెరిచారు. చవకైన కారు, సరైన ట్రాకు, రెండూ ఒకే కాలంలో కుదిరాయి.

మన ఊరి నరేన్ కార్తికేయన్ తన మొదటి కారు రేసు నడిపింది ఫార్ములా మారుతిలోనే. 2005 మార్చిలో ఆస్ట్రేలియాలో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్ రేసులో దిగి, మన దేశం నుంచి అక్కడికి పోయిన మొదటివాడు అయ్యాడు. ఆ ఏడాదే అమెరికా రేసులో నాలుగో స్థానం వచ్చింది.

ఆ రోజు చూడటానికి కరి లేడు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. నలభై దాటీ దాటని వయసు.

ఆ కబురు ఎట్ల తెలిసిందో తాత ఇప్పటికీ గడియారం చూసినట్టు చెబుతాడు. షిఫ్టు ముగించుకొని మిల్లు గేటు బయట టీ అంగడికి వచ్చాడట. అక్కడ నలుగురూ నాలుగు రకాలుగా చెబుతున్నారట. ఒకడు రేసులో పోయినాడన్నాడు. ఇంకొకడు కాదు, విమానమంట అన్నాడు. "నేను నమ్మలేదు అమ్మణీ. కారులో వాడికి ఏమన్నా అవుతుందేమోనని ఏండ్ల తరబడి బయపడినాము. విమానం సంగతి మాకు తోచనే లేదు" అన్నాడు తాత.

అంతకు ముందు ఏడాదే, 1994 మే 1న, బ్రెజిల్ దేశపు రేసు వీరుడు అయర్టన్ సెన్నా ఇటలీలోని ఇమోలా ట్రాకు మీద చనిపోయాడు. 34 ఏళ్లు. దానికి ముందురోజే అదే ట్రాకు మీద రోలాండ్ రాట్జెన్‌బర్గర్ అనే ఆస్ట్రియా యువకుడు పోయాడు. సెన్నా కారులో మడిచిన ఆస్ట్రియా జెండా దొరికింది. రేసు గెలిస్తే రాట్జెన్‌బర్గర్ పేరున దాన్ని ఎగరేయాలని దాచుకొన్నాడట. లోకమంతా సెన్నా బొమ్మలు, టోపీలు, హెల్మెట్ నమూనాలు కొనుక్కొంది. రాట్జెన్‌బర్గర్ పేరు చాలామంది మరిచిపోయారు. ఇద్దరూ ఒకే ట్రాకు మీద, ఒకే వారాంతంలో పోయారు. జనం జ్ఞాపకానికి కూడా తక్కెడ ఉంటుంది, అది న్యాయంగా తూచదు.

కరి పోయిన తర్వాత తాత స్నేహితులు ఏం చేశారని అడిగాను. ఏమీ చేయలేదట. బొమ్మ పెట్టి దండ వేయడానికి వాళ్లు ఆయన బంధువులు కారు, ఉద్యోగులు కారు. కంచె అవతల నిలబడి చూసినవాళ్లు. దుఃఖం ఉంది గాని దాన్ని ఎవరింటికి పోయి చెప్పాలో తెలియదు. అప్పుడే ఆ నలుగురిలో లేత్ నడిపే ఆయన తాత దగ్గరికి వచ్చి, "నీ పుస్తకంలో కరి బొమ్మ ఉన్న పేజీ ఉండాది కదా, అది నాకియ్యి" అన్నాడట. తాత చించి ఇచ్చేశాడు. ఆయన దాన్ని తన లేత్ ఎదురుగా గోడకు అంటించుకొన్నాడు. కొన్నేళ్లకు ఆయిలు మరకలు పట్టి, పొగ పట్టి, అంచులు రాలి అది కనబడకుండా పోయింది.

మదురై నుంచి వచ్చినాయన "ఒక పేజీ లేదు" అన్నది దాని గురించే. ఆయన లెక్కలో అది లోపం. నా లెక్కలో ఆ పుస్తకానికి జరిగిన అన్నిటికంటే పెద్ద సంఘటన అదే. ప్రేమించేవాళ్లు వస్తువును వాడి వాడి అరగదీస్తారు. సేకరించేవాళ్లు దాన్ని కాపాడతారు గాని, ఎవరు ప్రేమించారో ఆ గుర్తులు తుడిచేయమంటారు. మొదట నేను పూర్తిగా తాత పక్షమే. తర్వాత ఆలోచిస్తే, ఆ సేకరించే ఆయన లాంటివాళ్లు లేకపోతే లేత్ గోడ మీది పేజీకి పట్టిన గతే అన్నిటికీ పట్టేదని అనిపించింది. తాత నలుగురు స్నేహితుల్లో మిగతా ముగ్గురూ ప్రోగ్రాం పుస్తకాలు కొన్నవాళ్లే. ఒక్కరి దగ్గరా ఇప్పుడు లేదు. ఒకరిది పాత పేపర్లతో పాటు తూకానికి పోయింది.

ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడు ఇంకొక ప్రోగ్రాం పుస్తకం గురించి తెలిసింది. అది ఫుట్‌బాల్‌ది. 1958 ఫిబ్రవరి 6న జర్మనీలోని మ్యూనిక్ విమానాశ్రయంలో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు విమానం కూలిపోయింది. మొత్తం 23 మంది చనిపోయారు. అందులో 8 మంది ఆటగాళ్లు. డంకన్ ఎడ్వర్డ్స్‌కు 21 ఏళ్లే. 15 రోజులు ఆసుపత్రిలో పోరాడి ఫిబ్రవరి 21న కన్నుమూశాడు. అతనింకా ఆసుపత్రిలో ఉండగానే, ఫిబ్రవరి 19న, ఆ జట్టు షెఫీల్డ్ వెన్స్‌డే మీద ఆడాల్సి వచ్చింది. ప్రోగ్రాం అచ్చువేసే సమయానికి ఎవరు ఆడతారో ఎవరికీ తెలియదు. అందుకని మాంచెస్టర్ వైపు పదకొండు పేర్ల చోటూ ఖాళీగా వదిలేశారు. మైకులో పేర్లు చెబుతుంటే చూడటానికి వచ్చినవాళ్లు తమ చేతులతో ఆ ఖాళీల్లో రాసుకొన్నారు.

ఇది చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చొన్నాను. ఆ రోజు అక్కడ పెన్సిలు పట్టుకొని నిలబడినవాళ్లు రాసింది ఒట్టి పేర్లు కాదు. ఎవరి పేరు రాయడం లేదో కూడా వాళ్లకు తెలుసు. ఇప్పుడు ఆ పుస్తకం సేకరించేవాళ్లకు ఎంతో విలువైనది. రాసినవీ ఉన్నాయి, ఖాళీగా మిగిలినవీ ఉన్నాయి. మదురై ఆయన అయితే ఖాళీదే కావాలంటాడు. నాకైతే రాసిందే కావాలి.

మన కాలంలో ఇది ఇంకా తొందరగా జరుగుతోంది. 2020 జనవరి 26న అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ తన పదమూడేళ్ల కూతురితో సహా హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. ఆయన వయసు 41. ఆ వార్త వచ్చిన గంటల్లోనే ఆయన బొమ్మ ఉన్న కార్డులు, సంతకం చేసిన చొక్కాలు, బూట్లు ఆన్‌లైన్‌లో విపరీతమైన ధరలకు పోయాయి. కొన్నవాళ్లందరూ వ్యాపారులే అనుకోవడం తప్పు. ఏడుస్తూ కొన్నవాళ్లు కూడా ఉంటారు. ఇక కొత్త సంతకం ఒక్కటి కూడా రాదు గనుక ఉన్నదానికి ధర పెరుగుతుంది. లెక్క ఇంతే. కానీ ఆ ధర పెరిగిన రోజు, ఒక ఇంట్లో ఇద్దరి శవాలు ఇంకా రాని రోజు.

దానికి పూర్తిగా వేరే రకంది 2014లో జరిగింది. ఆస్ట్రేలియా క్రికెటర్ ఫిలిప్ హ్యూస్‌కు సిడ్నీ మైదానంలో మెడ మీద బంతి తగిలి, రెండు రోజుల తర్వాత నవంబర్ 27న చనిపోయాడు. 26వ పుట్టినరోజుకు మూడు రోజులు ఉంది. అప్పుడు అతని స్కోరు 63. 'గాయంతో విరమణ' అని ఉన్నదాన్ని తర్వాత 'నాటౌట్' అని మార్చారు. లోకమంతా జనం తమ బ్యాట్లను వాకిలి ముందు నిలబెట్టారు. అమ్మేది లేదు, కొనేది లేదు. ఎవరి దగ్గరున్న బ్యాటు వాళ్లు బయట పెట్టడం, అంతే. మా అన్న అప్పుడు చిన్నవాడు. వాడూ గేటు పక్కన తన బ్యాటు, దాని పిడి మీద టోపీ పెట్టాడట. పొద్దుగూకగానే అవ్వ ఎవడన్నా ఎత్తుకుపోతాడని లోపలికి తెచ్చి పెట్టింది. అన్న దానికి ఒకరోజంతా అన్నం తినలేదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకొంటారు.

పేరు పూర్తిగా రాకముందే పోయినవాళ్ల సంగతి ఇంకొక రకం. 2022 ఏప్రిల్ 17న మన రాష్ట్రపు టేబుల్ టెన్నిస్ ఆటగాడు విశ్వ దీనదయాళన్ జాతీయ పోటీలకు గువాహటి నుంచి షిల్లాంగుకు కారులో పోతూ దారిలో ప్రమాదంలో చనిపోయాడు. 18 ఏళ్లు. అంత చిన్నవాడి పేరు మీద సంతకాల బజారు ఇంకా పుట్టి ఉండదు. అతనితో ఆడినవాళ్లకూ, నేర్పినవాళ్లకూ, ఇంట్లోవాళ్లకూ మాత్రమే అతని వస్తువుల విలువ తెలుసు.

పడుచువయసులో పోయిన వీరుని వస్తువులు దాచడం మనకేమీ కొత్త కాదు. మా అమ్మ పుట్టిల్లు మదురై. అక్కడి నుంచి తేని వైపు పోతే పులిమాన్‌కోంబై అనే ఊరు వస్తుంది. ఇప్పుడు తేని జిల్లా గాని, వెనక అది మదురై జిల్లాలోదే. 2006లో అక్కడ రెండు వేల ఏళ్లకు పైబడిన వీరగల్లులు దొరికాయి. వీటిని తమిళంలో నడుకల్ అంటారు. ఆవుల మందల కోసం జరిగిన పోరులో చనిపోయినవాని పేరు, ఊరు పాత తమిళ బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి. రాజు కాదు, మంత్రి కాదు. మంద కోసం పోరాడి పోయినవాడు. అతన్ని ఎరిగినవాళ్లు రాయి నిలబెట్టారు.

మన తెలుగుదేశంలో పల్నాటి సంగతి ఉంది. పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దంలో జరిగింది. అందులో చిన్నవయసులో నేలకొరిగిన బాలచంద్రుని కథ మన అవ్వలందరికీ తెలుసు. కారంపూడిలో ఇప్పటికీ కార్తీక అమావాస్యకు మొదలుపెట్టి ఐదు రోజులు ఆ వీరులను కొలుస్తారు. వీరుల ఆయుధాలను కొణతాలు అంటారు. వాటిని నాగులేటి నీళ్లలో స్నానం చేయించి, ఊరేగించి, పూజ చేస్తారు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా గడిచినా ఆ ఆయుధాలు అద్దాల పెట్టెలో నిద్రపోవు. ఏటా బయటికి వస్తాయి, మనుషుల చేతుల్లో తిరుగుతాయి. వాటికి రేటు ఎంతని ఎవరూ అడగరు.

ఇది చదివినప్పుడు నాకు మన ఊరి ఆయుధపూజ గుర్తొచ్చింది. ఆ రోజు కోయంబత్తూరులో లేత్‌లకూ, మగ్గాలకూ, బస్సులకూ, స్కూటర్లకూ పసుపు, కుంకుమ, అరటి పిలకలు. తాత రిటైరై ఏళ్లయినా తన స్పానర్లు, కొలత పట్టే వెర్నియరు కడిగి దేవుని ముందు పెడతాడు. వాటి పక్కన ఈ ప్రోగ్రాం పుస్తకం కూడా పెడతాడు. చిన్నప్పుడు అది ఏదో వ్రతకథ పుస్తకం అనుకొనేదాన్ని.

కరి పేరు ఈ ఊళ్లో మిగిలిన చోటు చెట్టిపాళయంలో ఉంది. 2003లో తెరిచిన ఆ రేసు ట్రాకుకు కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. చుట్టు రెండు కిలోమీటర్లకు కాస్త పైన. జాతీయ పోటీలు అక్కడ జరుగుతాయి. నేను తాతను ఒకసారి అక్కడికి పిలుచుకొనిపోయాను. ఒంటి సీటు ఫార్ములా కార్లు వరుసగా పోతుంటే తాత చెవులు మూసుకోలేదు, కళ్లు మూసుకొన్నాడు. బాగా లేదేమోనని భయపడి అడిగితే, "మూడోది మిస్సింగు కొడుతుండాది, విను" అన్నాడు. నాకు ఏమీ తెలియలేదు. రెండు చుట్లకు ఆ కారు పక్కకు వచ్చి ఆగింది.

అక్కడ నడిపే పిల్లల్లో కొంతమంది నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దవాళ్లు. వాళ్లు పుట్టకముందే కరి పోయాడు. ఆయన పేరు వాళ్లకు ట్రాకు పేరు. ఒక పిల్లవాడిని 'కరి అంటే ఎవరో తెలుసా' అని అడిగాను. "ట్రాకు ఓనరా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. తాతకు రాలేదు. "వాడు ఈ ట్రాకు మీద బండి నడుపుతుండాడు కదా, చాలు" అన్నాడు. నేను దానికి ఇంకా ఒప్పుకోలేదు. నడిపితే చాలదు, తెలియాలి కూడా. తెలియకపోవడం వాని తప్పు కాదు, రాసిపెట్టనివాళ్ల తప్పు.

అందుకనే ఇంటికి వచ్చి నోటుపుస్తకం తీసుకొని తాత పక్కన కూర్చొన్నాను. ఒక్కో పేజీలో ఒక్కో గుర్తును వేలు పెట్టి చూపి, ఇదేమిటి అని అడగడం మొదలుపెట్టాను. మొదటి రోజు అరగంటలోనే తాత అలిసిపోయాడు. రెండో రోజు నేను అడగకముందే పిలిచాడు. ఏ కారు ఎక్కడ తిప్పు తీసుకొనేటప్పుడు జారింది, ఎవరి ఇంజను వేడెక్కి ఆగింది, ఎవరు గెలుస్తారని ఎవరు ఎంత పందెం కాశారు (పందెం రెండు ఇడ్లీలు, ఒక కాఫీ), అన్నీ రాసుకొన్నాను. చిరిగిన పేజీ మీద ఏముండేదో కూడా రాశాను. కరి హెల్మెట్ చేతిలో పట్టుకొని పక్కకు చూస్తున్న బొమ్మట. ఆయన నవ్వుతున్నాడా అని అడిగితే తాత చాలాసేపు ఆలోచించాడు. "నవ్వుతున్నట్టే ఉండాది. ఇప్పుడు నిజం చెప్పలేను" అన్నాడు. లేత్ నడిపే ఆయన ఉంటే చెప్పేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

వారం రోజుల్లో దాదాపు అన్నీ అయ్యాయి. చివరి పేజీలో రెండు గుర్తులు మిగిలాయి. ఒకటి సున్నలో చుక్క. ఇంకొకటి 'రా' అనే ఒక్క అక్షరం. ఎవరినో రమ్మని రాసుకొన్నాడో, ఎవరి పేరులో మొదటి అక్షరమో, తాతకు గుర్తు రావడం లేదు.

మదురై ఆయన మామకు మళ్లీ ఫోను చేశాడు. ఇంకొంచెం ఎక్కువే ఇస్తానన్నాడట. మా ఇంట్లో ఆ డబ్బు అక్కరలేనిది కాదు. అన్న కాలేజీ ఫీజు కట్టే నెల అది. నాయన ఏమీ మాట్లాడకుండా తాత వైపు చూశాడు. తాత మామ చేతిలో నుంచి ఫోను తీసుకొని, "ఇస్తాను. నా చేతిరాత తుడవకుండా తీసుకొంటావంటే, మా మనవరాలు రాసిన నోటుపుస్తకం జెరాక్సు కూడా దాంతోపాటు పెట్టుకొంటావంటే, రా" అన్నాడు.

ఆయన ఆలోచించి చెబుతానన్నాడు. పుస్తకం ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది. జెరాక్సు నేను తీయించి పెట్టాను, 31 పేజీలు.